పాలపిట్ట కోసం ఉందానగర్ దాకా

దసరా పొద్దున పాలపిట్టను చూడడానికి మా హుస్సేనీ ఆలంలో ఎవరూ ఎక్కడికీ వెళ్లేవారు కాదు. పాలపిట్టే మా గల్లీకి వచ్చేది. యాదగిరి అనే ఆయన పంజరం మీద ఎర్ర గుడ్డ కప్పి భుజాన పెట్టుకొని తెచ్చేవాడు. తలస్నానాలు చేసి, కొత్త బట్టలు కట్టుకొని అందరం గడపల్లో నిలబడేవాళ్లం. ఆయన గుడ్డ ఎత్తేవాడు. ఉన్నచోటి నుంచే దండం పెట్టుకొని, మనసులో ఏదో ఒకటి కోరుకొని, ఆయన చేతిలో ఎంతో కొంత పెట్టి లోపలికి పోయేవాళ్లం. ఈ వ్యవహారంలో పెత్తనమంతా మా అమ్మదే. ఆమెకు వీధి మొదట్లో పసుపు కుంకుమల దుకాణం ఉండేది. పిట్ట దర్శనం కాకుండా షట్టర్ ఎత్తేది కాదు, పక్క దుకాణాల వాళ్లనూ ఎత్తనిచ్చేది కాదు.

ఈ ఏడు యాదగిరి రాడని ముందే తెలిసింది. ఆయన పిట్టలు పట్టే తుప్పల జాగా ఊరి బయట ఉందానగర్ స్టేషన్‌కు అవతల ఉంది. ఒకప్పుడు అడిగే దిక్కులేని సర్కారు భూమి. ఇప్పుడు దానికి కంచె వేసి ఫారెస్టు పార్కు చేశారు. పాలపిట్టను పట్టకూడదని చట్టం ఇంతకుముందూ ఉండేదట. పండుగ పేరు చెప్పి పట్టేవాళ్లు పట్టేవారు, ఆపాల్సినవాళ్లు చూసీచూడనట్టు ఊరుకునేవారు. ఈ ఏడు ఆ ఊరుకోవడం బంద్ చేశారు. పార్కులో వల వేసినా, ఉచ్చు పెట్టినా, పట్టిన పిట్టను బయట చూపించినా కేసే. దానికి బదులు దసరా నాడు తెల్లవారగానే గేటు తెరుస్తారు, ఎవరైనా వెళ్లి చెట్ల మీద పిట్టను చూసుకొని రావచ్చు. పేపర్లో ఇది చదివి నాకు సంతోషమైంది. చదివి వినిపిస్తే అమ్మకు కాలేదు.

"కండ్లున్నోళ్లు చేసిన రూలు బిడ్డా ఇది" అంది.

అమ్మకు నీటికాసులు. పక్కల చూపు ఎప్పుడో పోయింది, ఎదురుగా ఉన్నది మాత్రం కొంచెం మిగిలింది. "గొట్టంలకెల్లి చూసినట్టుంటది" అంటుంది. మొన్న డాక్టరమ్మను సూటిగా అడిగింది: "వచ్చే దసర దాంక ఉంటదా?" డాక్టరమ్మ మంచి మనిషి, అబద్ధం చెప్పలేదు. ఉన్నదాన్ని కాపాడుకుందాం అంటూ అమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ రోజు ఇంటికి వస్తూ అమ్మ ఆటోలో అన్న మాట ఒకటే: "అయితే ఇదే ఆఖరు. సక్కగ చూడాలె."

అందుకే బయలుదేరాం. అయిదున్నరకు ఖాదర్ భాయ్ ఆటో గుమ్మం ముందు ఆగింది. ఆయన మా వెనక గల్లీ మనిషి. అమ్మ పట్టుచీర కట్టి, తలకు ఇంత నూనె పెట్టి, ఆయన కన్నా ముందే అరుగు మీద కూర్చొని ఉంది.

"క్యా అమ్మా, పండుగ పూట పొద్దుగాల్నే యాడికి?" అన్నాడు ఖాదర్ భాయ్.

"పిట్టను చూడనీకి. అది మనకాడికి రాదట గద, మనమే పోతున్నం."

"బడే లోగ్ అయిపోయిందా ఏంది పిట్ట!" అని నవ్వి కిక్కు కొట్టాడు.

రోడ్లన్నీ తడిగా ఉన్నాయి. రాత్రి ఎప్పుడో చినుకు పడ్డట్టుంది. మూసి ఉన్న షట్టర్ల మీద నిన్నటి బంతిపూల దండలు వేలాడుతున్నాయి. చార్మినార్ దగ్గర పావురాలు ఇంకా నేల మీదికి దిగలేదు, మినార్ల చుట్టూ పొగలాంటి మంచు, ఆ మంచులో ఎవరో సైకిల్ మీద పాల క్యాన్లు మోసుకొని పోతున్నారు. పగలంతా హారన్లతో చెవులు తూట్లు పడే ఆ దారిలో మా ఆటో చప్పుడు తప్ప ఏమీ లేదు. పుట్టి పెరిగిన ఊరే, నిద్రలో చూస్తున్న ఊరులా ఉంది. అమ్మకు చెబుదామని చూస్తే ఆమె కళ్లు మూసుకొని ఉంది. చూపు దాచుకుంటోందని అర్థమై నేనూ మాట్లాడలేదు.

యాకుత్‌పురా స్టేషన్ బయట చిన్న హోటల్లో చాయ్ తాగాం. నేను రెండు ఉస్మానియా బిస్కెట్లు తిన్నాను. అమ్మ దర్శనం అయ్యేదాకా ఏమీ తినదు. చాయ్ మాత్రం తాగింది, అది తిండి కిందికి రాదట. టిఫిన్ డబ్బాలో గారెలు, పులిహోర నా సంచిలోనే ఉన్నాయి. టికెట్ కౌంటర్ దగ్గర రద్దీ లేదు. ఇద్దరికీ కలిపినా మా ఆటో కిరాయిలో పావు వంతు కాలేదు.

ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఆరు దాటాక వచ్చింది. ఆడవాళ్ల పెట్టెలో మా ఎదురుగా ఒక పూలమ్మాయి బంతిపూల గంప పెట్టుకొని కూర్చుంది. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"గదానికి గంత దూరమెందుకమ్మా? ఫోన్ల చూడు, నీకు ఎన్ని పాలపిట్టలు గావాలె?" అని బొమ్మ తీసి అమ్మ ముఖం ముందు పెట్టింది.

అమ్మ ఫోనును ముక్కుకు ఆనించుకొని కాసేపు వెతికింది. "మస్తుగున్నది బిడ్డా" అని తిరిగి ఇచ్చేసింది. తర్వాత నా చెవిలో, "దానికి నేను కనవడ్తనా ఏంది?" అంది.

ఉప్పుగూడ, ఫలక్‌నుమా దాటాయి. ఇళ్ల వెనక భాగాలు, మిద్దెల మీద ఆరేసిన బట్టలు, గోడ పక్కన పళ్లు తోముకుంటున్న మనుషులు మెల్లగా వెనక్కి జారిపోతున్నారు. శివరాంపల్లి, బుద్వేల్. తర్వాత ఉన్నట్టుండి ఆకాశం పెద్దదైంది. అమ్మ నా భుజం మీద తల వాల్చింది. ఆ కొబ్బరినూనె వాసనకు, రైలు ఊపుకు నాకూ కన్ను మూతపడింది. ఎప్పుడో చిన్నప్పుడు ఆమె ఒళ్లో పడుకొని ఇలాగే ఎక్కడికో పోయాను, ఎక్కడికో గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి ఉందానగర్.

స్టేషన్ నుంచి పార్కు దాకా షేర్ ఆటోలు ఉన్నాయి. గేటు పక్కన కొత్త బోర్డు. వేట నిషేధం, పక్షులను పట్టుట నిషేధం, పంజరాలు లోనికి తేరాదు. అమ్మ బోర్డు మీద వేళ్లు పెట్టి తడిమింది, తలుపు కొట్టి చూసినట్టు. రజిత అనే గార్డు అమ్మాయి మమ్మల్ని లోపలికి పంపింది. "గట్టిగ మాట్లాడొద్దు అమ్మా, పిట్ట గుబులైతది. కాలిబాట మీదనే నడువున్రి" అంది. టికెట్ లేదు. తాగే నీళ్లు గేటు దగ్గరే, లోపల లేవు.

లోపల నడక ఎంత బాగుందో చెప్పలేను. తంగేడు పొదల మీద సాలీళ్లు అల్లిన గూళ్లన్నీ మంచుతో తెల్లబడ్డాయి. గడ్డి మోకాళ్ల దాకా ఉంది. మాలాగే సిటీ నుంచి వచ్చినవాళ్లు పట్టుబట్టల్లో, చెప్పులు చేత పట్టుకొని, గుడిలో తిరిగినట్టు గుసగుసలాడుతూ తిరుగుతున్నారు. ఎక్కడా తొందర లేదు. ఎంతసేపు నడిచామో తెలియలేదు, ఎండ వెచ్చబడ్డాకే కాలం నడుస్తోందని తెలిసింది.

ఒక ఎండిన తుమ్మ కొమ్మ మీద పిట్ట ఉంది. నాకు కనిపించింది. మట్టిరంగు ఛాతీ, కొంచెం నీలి నెత్తి, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. నేను అమ్మ వెనక నిలబడి రెండు చేతులతో ఆమె గడ్డం పట్టుకొని తల తిప్పాను.

"కొమ్మ కనపడుతోందా?"

"ఆకసం కనవడ్తుంది."

"ఇంకొంచెం కిందికి."

"ఆకులు... ఇప్పుడేందో కట్టె..."

అంతలో అది లేచిపోయింది. చుట్టూ అందరూ "హా" అన్నారు. అమ్మ ఆ "హా" విని దండం కోసం ఎత్తిన చేతులు దించేసింది. ఇంకో రెండుచోట్ల కూడా ఇదే జరిగింది. చూసేవాళ్లందరూ వేలు చూపిస్తారు, ఆమెకు వేలు దొరికేసరికి పిట్ట ఉండదు. మూడోసారి నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. పిట్టకు ఆ స్వేచ్ఛ ఉండాల్సిందే, పేపర్లో చదివి సంతోషించిందాన్ని నేనే. అయినా ఆ నిమిషంలో ఒక్క పంజరం కనపడితే బాగుండునని గట్టిగా అనిపించింది.

గేటు బయటికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. దసరాకు బంగారమని పంచుకునే జమ్మి ఆకు కుప్ప పోసుకొని ఒకాయన "బంగారం, బంగారం" అని పిలుస్తున్నాడు. ఆ గొంతు విని అమ్మ ఆగిపోయింది.

"యాదగిరేనా?"

ఆయన తల ఎత్తి, గబగబా లేచి వచ్చాడు. "అక్కా! నువ్వేందిక్కడ?" అమ్మ చెప్పింది, చూపు సంగతి కూడా. యాదగిరి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒకటున్నది అక్కా. పార్కుల పట్టలే, ఒట్టు. చెరువు దిక్కు పొలాలల్ల దొరికింది. ఇంట్ల దాచిన. స్టేషన్ కాడనే మా ఇల్లు. నీకు సూపిస్త, పైస వద్దు."

అమ్మ నా వైపు తిరిగింది. "పోదాం" అన్నాను, ఆమె అడగక ముందే.

యాదగిరి ఉండేది రైలు పట్టాల పక్కన రేకుల గది. జమ్మి ఆకు మూట కట్టుకొని మాతోపాటే వచ్చాడు, దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. "నేనేమన్న పులిని కొట్టిననా అక్కా? ఒక్కపూట చూపిచ్చి ఇడిశిపెడ్తుంటి. రూలు మంచిదే కావొచ్చు. మరి నేనేం జెయ్యాలెనో గది గూడ చెప్పాలె గద ఎవలన్న? ఇగ జమ్మి అమ్ముతున్న. జమ్మి పండుగకొక్కసారే, కడుపు దినాం ఉంటది."

గదిలో మంచం కింది నుంచి పంజరం తీశాడు. అదే ఎర్ర గుడ్డ, బాగా వెలిసిపోయింది. గుడ్డ ఎత్తాడు. పిట్ట ముక్కు తెరుచుకొని ఉంది. అమ్మ నేల మీద కూర్చొని పంజరానికి ముఖం ఆనించింది. ఆమెకు ఒక్కసారిగా అంతా కనపడదు కదా, కొంచెం కొంచెంగా చూసుకుంటూ వచ్చింది. ముక్కు, కన్ను, మెడ. చాలాసేపు. తర్వాత వేలు ఊచల లోపలికి పెట్టింది.

"ఇదేంది?"

"దారం అక్కా. రెక్కకు. కొట్టుకోవద్దని."

"ఇన్నేండ్ల సంది చూస్తున్న. ఎన్నడు కనవడలే."

"దూరంకెల్లి దండం పెట్టి పోతుంటిరి అక్కా, దగ్గరికి ఎవలొచ్చిన్రు?" అన్నాడు యాదగిరి. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అన్నాడు.

అమ్మ వెనక్కి జరిగింది. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి. నేను ఉండబట్టలేక, "అమ్మా, చూశావు కదా, దండం పెట్టుకో" అన్నాను.

"జైలుల ఉన్నోన్ని పలకరిస్తం. వాని ముందల పండుగ చేస్తమా?" అంది. తర్వాత యాదగిరితో, "కొయ్యి" అంది.

ఆయన బ్లేడుతో దారం కోశాడు. రెక్క విచ్చుకోలేదు, పక్కకు వాలిపోయింది. ఇప్పుడే వదిలితే కుక్కలపాలవుతుందని, రెండు రోజులు మేపి వదులుతానని చెప్పాడు. "ఇడిశినంక నాకు ఫోన్ జెయ్యి. అబద్ధమాడితే నీ గొంతులనే తెలుస్తది" అంది అమ్మ. జమ్మి ఆకు మొత్తం కొనేయమని నాకు చెప్పి, ఆయన చేతిలో కొంత ఆకు పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంది. యాదగిరి ఏడ్చాడు. నాకూ ఏడుపు వచ్చింది, కాకపోతే నాది వేరే ఏడుపు. ఆమె కళ్లలో మిగిలిన కాస్త చూపుకు ముందుకొచ్చిన దాన్ని ఆమే వద్దనుకుంది. ఇంకెక్కడి నుంచి తెచ్చి చూపించను?

స్టేషన్‌లో తిరుగు రైలుకు ఇంకా చాలా టైం ఉంది. ప్లాట్‌ఫారం చివర చెట్టు కూడా లేనిచోట బెంచీ దొరికింది. ఎండ పడుతోంది, గాలి మాత్రం చల్లగా ఉంది. పట్టాల అవతల ఖాళీ గూడ్స్ పెట్టెలు, వాటి వెనక ఎవరో ఆడమనిషి మేకలను పిలుస్తున్న గొంతు. ఆ గొంతు దగ్గరవుతూ, దూరమవుతూ ఉంది. గారెలు తినమని బతిమాలాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆకలికి ఆమె పెదవులు ఎండిపోయాయి. ఈ ముసలమ్మ మొండితనానికి ఏం చెయ్యాలిరా దేవుడా అనుకుంటూ తల ఎత్తాను.

పట్టాల మీది కరెంటు వైరు మీద పాలపిట్ట కూర్చుంది.

ఒక్కటే ఉంది. మా బెంచీకి సరిగ్గా ఎదురుగా. అమ్మ భుజం మీద చెయ్యి వేసి, గడ్డం పట్టుకొని, ఊపిరి కూడా వదలకుండా ఆమె ముఖం పైకి ఎత్తాను.

"వైరు ఉంది చూడు. దాని మీదనే జరుపుకుంటూ రా. కుడికి. ఇంకా కుడికి."

"వైరు... వైరు..." అమ్మ నా మోకాలు పట్టుకుంది. "ఉన్నది."

ఉంది. ఇద్దరం చూస్తున్నాం. నేను కదలలేదు, అమ్మ కదలలేదు, మేకల మనిషి గొంతు కూడా వినపడలేదు. అప్పుడు మా బెంచీ ముందు గడ్డిలో ఏ మిడత కదిలిందో, పిట్ట వైరు వదిలి సూటిగా మా మీదికే దిగింది. రెక్కలు విప్పింది. ఆ మట్టిరంగు లోపల అంత నీలం ఎక్కడ దాక్కుందో! పక్కకు పోయి ఉంటే అమ్మకు అందేది కాదు. అది ఎదురుగానే వచ్చింది, వస్తున్నకొద్దీ పెద్దదైంది. నా మోకాలి మీద అమ్మ గోళ్లు దిగాయి. పిట్ట గడ్డి మీద వాలి, ఏదో ముక్కున కరుచుకొని, ఇంకోసారి ఆ నీలమంతా పరిచి గూడ్స్ పెట్టెల వెనక్కి వెళ్లిపోయింది.

అమ్మ ఇంకా అటే చూస్తోంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"చూశావా అమ్మా?"

"అంత నీలమే ఉండె. ఇంకేం లేకుండె. అంత నీలమే" అంది. తర్వాత చెయ్యి చాపి, "గారెలియ్యి" అంది. నాలుగు తింది.

రైలు పన్నెండు దాటాక వచ్చింది. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఈ కథనం చదివి వెళ్లాలనుకునేవారికి నేను చెప్పేది ఇంతే. యాకుత్‌పురా నుంచి మొదటి రైలు పట్టుకోండి, నీళ్లు వెంట తీసుకెళ్లండి, పార్కులో మెల్లగా నడవండి. తిరుగు ప్రయాణంలో స్టేషన్‌లో కాసేపు ఊరికే కూర్చోండి. కొత్త రూలు మంచిదా అని ఎవరైనా అడిగితే నాకిప్పుడు అనుమానం లేదు, మంచిదే. ఆ మంచితనంలో యాదగిరికి కూడా ఇంత చోటు చూడాల్సింది. పొద్దుటి నుంచి చూసిందంతా, మంచు, సాలెగూళ్లు, వెలిసిన ఎర్రగుడ్డ, నిజంగా చూశానా, రైల్లో నిద్రపోతూ కలగన్నానా అన్నట్టు ఉంది. మోకాలి మీద అమ్మ గోళ్ల గుర్తులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

ఫలక్‌నుమా దాటుతుంటే అమ్మ కదిలింది. నిద్రపోతోందనుకున్నాను.

"పద్మా."

"ఆఁ."

"గది లెక్కలకు రాదు."

"ఏది?"

"పిట్టను చూసుడు. దండం పెట్టకముందే లేచిపాయె. మనిషి చేతులు జోడిచ్చేదాంకనన్న ఆగాలె గద. ఏం కోరుకుందామన్న టైమే ఇయ్యకపాయె. గిదేం దర్శనం?"

అమ్మ పట్టుచీర కొంగు సర్దుకుంది.

"వచ్చే దసరకు ఇంక పొద్దుగాల్నే రావాలె. చేతులు ముందే జోడిచ్చి కూసుంట. ఎట్ల పోతదో చూస్త."

కిటికీలోంచి ఉప్పుగూడ ఇళ్లు మెల్లగా వస్తున్నాయి. ఆమె ఆ వెలుగు వైపు ముఖం పెట్టి, నా జవాబు కోసం ఆగి ఉంది.

"వద్దామమ్మా" అన్నాను. రైలు చప్పుడులో ఆ మాట ఆమెకు వినపడలేదు.

"ఏమన్నవ్?"

"వచ్చే దసరాకు మళ్లీ వద్దాం అన్నాను" అని ఈసారి పెట్టె అంతా వినపడేలా చెప్పాను.